పర్లాకిమిడిలో చిత్రాంగి

నౌపడాలో గుణుపురం బండెక్కితే టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అటు కలిసిన ఊరు. బోర్డులు ఒడియాలో ఉన్నా బజార్లో తెలుగు బాగానే వినబడుతుంది. గజపతుల కోటను బయటి నుంచే చూసి వచ్చేశాను. పిన్ని రమ్మన్నది రాత్రి ఆడే సారంగధర నాటకానికి.

ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకమంటారు. అంతకుముందు నాటకమంటే చివరికి శుభం పలకాల్సిందే. ఇక్కడ ఆడింది ఆ కథకే స్థానిక బృందం కుదించుకున్న రూపం. చిత్రాంగిని కొడుకు సారంగధరుడికని చూసి, రాజరాజనరేంద్రుడు తనే చేసుకోవడంతో మొదలైంది.

పావురం కోసం సారంగధరుడు అంతఃపురానికి వచ్చే రంగం ఇంకా కళ్లముందే ఉంది. పావురం రబ్బరు బొమ్మే. చిత్రాంగి వేసినావిడ దాని రెక్కలు నిమురుతూ పద్యం ఎత్తుకుంది. అతను “అమ్మా” అన్నాడు. రాగం సగంలో తెగింది. అదే చెయ్యి నెమ్మదిగా బొమ్మ మెడ మీదికి జరిగింది. ముందు వరుసలో వన్స్‌మోర్ అని అరిచే బ్యాచ్ కూడా నోరెత్తలేదు.

క్రీ.పూ. 428లో గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ఆడించిన ‘హిప్పోలిటస్’లోనూ ఇదే చిక్కు. సవతి కొడుకు మీద మనసుపడ్డ ఫేడ్రా, అతను ఛీకొట్టాడని ఉరేసుకుంటూ, తనను చెరిచింది అతనేనని పలక మీద రాసి పోతుంది. 1677లో ఫ్రెంచి నాటకకర్త రాసీన్ చూపిన ఫేడ్రా అయితే అతన్ని కాపాడమని భర్త దగ్గరికే వస్తుంది. అతను ఇంకో పిల్లను ప్రేమిస్తున్నాడని వినగానే నోరు కట్టేసుకుంటుంది. నన్నడిగితే ఆ అబద్ధం కంటే ఈ మౌనమే ఎక్కువ భయపెడుతుంది.

ఇక చిత్రాంగి వేసిన నింద నమ్మి సారంగధరుడి కాళ్లూ చేతులూ నరకమన్న రాజు. కొడుకంటే ప్రాణం కాబట్టే అంత కసి వచ్చిందనుకున్నాను. నిందపడ్డది పరాయివాడి మీదైతే కనీసం ఒక సాక్షినైనా పిలిచేవాడు.

పొద్దున్న ఇడ్లీలు తింటూ ఈ ముక్కే అంటే పిన్ని కొట్టిపారేసింది.

“కొడుక్కి చూసిన పిల్లని తనే కట్టుకున్నోడికి కొడుకంటే ప్రాణమేటిరా? ముందు ఆ ముసలాణ్ణి నిలబెట్టి అడగాల!”