శుక్రవారం సాయంత్రం లూవెన్‌లో

బ్రస్సెల్స్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషను ఉండడం, అక్కడి నుంచి బెల్జియంలోని విశ్వవిద్యాలయ పట్టణం లూవెన్‌కు పావుగంట ప్రయాణమే కావడం బాగానే ఉంది కానీ, ఆ పావుగంట కోసం మామూలు టికెట్టు మీద విమానాశ్రయం పేరిట మరో రుసుము వడ్డించడం నాకు బొత్తిగా నచ్చలేదు. ఆ తరువాత హోటల్లో మంచినీళ్లకు విడిగా బిల్లు వేయడం, మరుగుదొడ్డికి చిల్లర అడగడం చూశాక, మా అన్నయ్య కూతురు ఇక్కడ మాస్టర్స్ చదువుతూ నెల ఎలా గడుపుతోందోనని బెంగ పట్టుకుంది. ఐరోపా విద్యార్థులకు ఏడాది ఫీజు సుమారు 1100 యూరోలైతే, మనవాళ్లు కోర్సును బట్టి దానికి ఎన్నో రెట్లు కట్టాలి. ‘కోట్’ అని పిలిచే విద్యార్థి గది అద్దె దీనికి అదనం. బెల్జియంలో డచ్ మాట్లాడే ఉత్తర ప్రాంతపు ప్రభుత్వం, అంటే ఫ్లెమిష్ ప్రభుత్వం ఇచ్చే ‘మాస్టర్ మైండ్’ స్కాలర్‌షిప్పు దొరికినవాళ్లకు ఊపిరి ఆడుతుంది కానీ, అది దొరికేది కొద్దిమందికే.

బ్రస్సెల్స్, బ్రూగ్ నగరాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక వాటిని వదిలేస్తున్నాను. లూవెన్‌లో నేను ఎక్కువసేపు నిలబడింది విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందు. 1425లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయపు గ్రంథాలయాన్ని 1914 ఆగస్టులో జర్మన్ సైనికులు తగలబెడితే, అమెరికా విద్యాసంస్థల చందాలతో ఇప్పటి భవనాన్ని కట్టి దాతల పేర్లను రాళ్ల మీద చెక్కారు. 1940లో అదీ మంటల పాలైంది. ఆపైన 1968లో డచ్, ఫ్రెంచి భాషల వివాదం ముదిరి, ఫ్రెంచి విభాగం ఊరు విడిచి వెళ్లాలని ఫ్లెమిష్ విద్యార్థులు వీధికెక్కారు. ఆ గొడవలో దేశ ప్రభుత్వమే కూలిపోయింది. చివరికి ఫ్రెంచి విభాగం వాళ్లు భాషా సరిహద్దుకు అవతల లూవాన్-లా-నవ్ అనే కొత్త ఊరినే కట్టుకొని తరలిపోయారు. గ్రంథాలయాన్ని పంచుకునేటప్పుడు సరి సంఖ్య పడిన పుస్తకాలు ఒకరికి, బేసి సంఖ్యవి మరొకరికి వెళ్లాయని చెబుతారు. 2014 తరువాత రాష్ట్ర విభజన చట్టంలోని పదో షెడ్యూలు సంస్థల పంపకం మీద మన రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి తగవులాడుకోవడం చూసినవాణ్ని కనుక, ఈ పద్ధతికి నవ్వాలో ఏడవాలో నాకు తోచలేదు. ఒకే దేశంలోని విద్యార్థులు ఒకరి ప్రాంతానికి మరొకరు వెళ్లి చదువుకోవడానికి ‘ఎరాస్మస్ బెల్జికా’ అని ప్రత్యేక పథకం పెట్టుకోవలసి వచ్చిందంటే, ఆ గాయం ఎంత లోతుగా తగిలిందో ఊహించవచ్చు.

నన్ను అసలు ఆశ్చర్యపరిచింది మాత్రం శుక్రవారం సాయంత్రం. మధ్యాహ్నం దాటిందో లేదో స్టేషను వైపు వెళ్లే పెద్ద వీధి నిండా చక్రాల సూట్‌కేసులు లాక్కుపోతున్న కుర్రకారు కనిపించారు. సెలవులిచ్చారేమో, లేకపోతే రైల్వే సమ్మె ఏదైనా ముంచుకొస్తోందేమో అనుకున్నాను; ఆ దేశంలో సమ్మెలు కొత్తేమీ కాదు. “సెలవులూ కాదు, సమ్మే కాదు బాబాయ్, వారం వారం ఇదే తంతు. మాసిన బట్టలతో ఇంటికి వెళ్లి, ఉతికిన బట్టలతో, వాళ్లమ్మ డబ్బాల్లో పెట్టిచ్చిన కూరలతో ఆదివారం రాత్రికి తిరిగొస్తారు. రేపు ఈ ఊరు ఎలా ఉంటుందో చూద్దురుగాని” అంది మా అమ్మాయి. సముద్రతీరాన ఉన్న ఓస్టెండ్ నుంచి కూడా లూవెన్‌కు రైల్లో రెండు గంటలు పట్టదు. అంత చిన్న ప్రాంతంలో ఇంటి మీద బెంగ పెట్టుకోవలసిన అవసరమే ఎవరికీ రాదు.

ఐరోపా విద్యార్థులు మరో దేశంలో కొంతకాలం చదివేందుకు తోడ్పడే ఎరాస్మస్ పథకం 1987లో మొదలైనప్పుడు చేరిన 11 దేశాల్లో బెల్జియం ఒకటి. ఆ పథకానికి పేరిచ్చిన పండితుడు ఈ ఊళ్లోనే కొన్నేళ్లు ఉండి, లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్పే కళాశాలను 1517లో నెలకొల్పడానికి తోడ్పడ్డాడు. 2013లో ఫ్లెమిష్ ప్రభుత్వం ‘బ్రెయిన్స్ ఆన్ ది మూవ్’ అనే ప్రణాళిక ప్రకటించి, 2020 నాటికి పట్టభద్రుల్లో మూడో వంతు మంది విదేశంలో కొంతకాలం చదివి ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. కరపత్రాలు, గ్రాంట్లు, సమాచార సభలు ఎన్ని ఉన్నా, వారాంతానికి ఇల్లు చేరకుండా ఉండలేని పిల్లవాణ్ని ఆరు నెలలు మరో దేశంలో ఉండమని ఒప్పించడం ఎంత కష్టమో ఆ సూట్‌కేసులను చూశాకే నాకు అర్థమైంది.

ప్లాట్‌ఫారం మీద మా అమ్మాయి సహాధ్యాయిని ఒకామె కలిసింది. వచ్చే సెమిస్టరుకు లిస్బన్ వెళ్లాలని ఆమె దరఖాస్తు చేసుకుందట. ఆమె చెప్పిన చిక్కుల్లో ఇంటి బెంగ ఊసే లేదు. తమ ఊరి స్కౌట్ బృందంలో చిన్నపిల్లల బాధ్యత ఆమెదే. శనివారాలు ఒక బేకరీలో పని చేస్తుంది. లిస్బన్‌లో చదివే 30 క్రెడిట్లకు ఇక్కడ ఏ సబ్జెక్టులు సరిపోతాయో ప్రతి అధ్యాపకుడి దగ్గరా ఒప్పుదల తెచ్చుకోవాలి. ఏదైనా తప్పితే ఆగస్టు చివర మళ్లీ పరీక్ష రాయాలి. పథకాల్లో ఇటువంటివి కనిపించవు.

మరునాడు ఊళ్లో మిగిలింది చాలావరకు విదేశీ విద్యార్థులే. వియత్నాం, ఇథియోపియా, ఈక్వడార్ పిల్లలు, మనవాళ్లు కలిసి హాస్టల్ వంటగదిలో బిర్యానీ వండుకుంటుంటే చూడ ముచ్చటేసింది కానీ, అందులో ఫ్లెమిష్ ముఖం ఒక్కటీ లేకపోవడం నాకు వెలితిగా తోచింది. ప్రపంచాన్ని పిలిచి, తీరా అతిథులు కలిసి భోంచేసే వేళకు ఇంటివాళ్లు ఊళ్లో లేకపోవడమేమిటి? డిగ్రీ స్థాయిలో ఆంగ్ల కోర్సులకు చట్టమే హద్దు పెట్టింది కనుక, బయటివాళ్లు ఎక్కువగా ఆంగ్లంలో నడిచే మాస్టర్స్ తరగతుల్లోనే పోగవుతారు. డచ్ భాషను కాపాడుకోవాలన్న పట్టుదలను నేను తప్పు పట్టను. కాకపోతే వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి సెమిస్టరులోనే ఆ భాషను ఉచితంగా నేర్పాలి. మా అమ్మాయి డబ్బు కట్టి సాయంత్రం తరగతికి వెళుతోంది.

లిస్బన్ వెళ్లదలచిన ఆ అమ్మాయి ఇప్పుడు, తాను లేని ఆరు నెలలూ తన కోట్‌ను విదేశం నుంచి వచ్చే విద్యార్థికి అద్దెకిచ్చి వెళ్లాలని చూస్తోంది. రెండు చోట్లా అద్దె కట్టాలంటే గ్రాంటు సరిపోదు. ఇంటి యజమాని ఇంకా ఒప్పుకోలేదట.