నా కాళ్ల జబ్బుకు పేరు దొరికాక

డాక్టరు గారు నా కుడి పాదం దగ్గర కూర్చుని, బొటనవేలి పక్కనున్న వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగారు. చర్మం సులువుగా మడతపడి లేచింది. ఎడమ పాదానికీ అలాగే చేశారు. తరువాత చీలమండ చుట్టూ వేలు తిప్పి, "ఇక్కడ చూడండి, కడియం పెట్టినట్టు లావు ఇక్కడితో ఆగిపోయింది. పాదం మాత్రం మామూలుగానే ఉంది" అన్నారు. ఆ పైన పిక్క మీద బొటనవేలితో కొద్దిగా నొక్కారు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "ఈ నొప్పి ఎంతకాలంగా ఉంది?" అని అడిగారు. అప్పటికి నాకు 34 ఏళ్లు. బరువెంత, ఏం తింటున్నావు అని కాకుండా నొప్పి గురించి నన్ను ఒక వైద్యురాలు అడగడం అదే మొదలు. జవాబు చెప్పడానికి కొంతసేపు పట్టింది.

నొప్పి పదమూడో ఏట, రజస్వల అయిన కొద్ది నెలలకే మొదలైంది. తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ ఒకే తీరుగా లావెక్కాయి. ఎక్కడ తగిలిందో తెలియకుండానే తొడల మీద చర్మం కమిలి నీలి మచ్చలు పడేవి. సాయంత్రమయ్యేసరికి కాళ్లకు ఇనుప గుండ్లు కట్టినట్టుండేది. అమ్మ కాళ్లూ అంతే, అమ్మమ్మ కాళ్లూ అంతే. "మన ఇంటి కాళ్లు ఇంతేలే" అనేది అమ్మ. ఇరవై తొమ్మిదో ఏట ఏడాది పొడుగునా కడుపు మాడ్చుకుని పదకొండు కిలోలు తగ్గాను. మెడ ఎముకలు బయటపడ్డాయి, బుగ్గలు లోపలికి పోయాయి, పిక్కల కొలత మాత్రం కదలలేదు. ఆ సంగతి చెబితే ఒక వైద్యుడు నేను చాటుగా తింటున్నానన్నాడు. మరొకరు బోదకాలేమోనని రాత్రిపూట రక్తం తీయించారు. అది కాదని తేలింది. మరి ఏమిటో ఎవరూ చెప్పలేదు.

జబ్బు పేరు లిపిడీమా. చర్మం కింద కొవ్వు అసహజంగా పెరిగి, ముట్టుకుంటేనే నొప్పెడుతుంది. దాదాపుగా ఆడవాళ్లకే వస్తుంది. రజస్వల అయినప్పుడో, గర్భంతో ఉన్నప్పుడో, ముట్లుడిగే వయసులోనో మొదలవుతుంది, లేదా ముదురుతుంది. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాను గానీ లేదు. చేత్తో ముట్టి, చూసి, రోగి చెప్పేది వినే వైద్యుడు కావాలి. లింఫిడీమా దీనికి వేరు. అందులో లింఫు ద్రవం (కణజాలం నుంచి తిరిగి రక్తంలోకి చేరే ద్రవం) నిలిచిపోయి పాదం, వేళ్లు కూడా వాస్తాయి, తరచు ఒక కాలు రెండోదానికన్నా ఎక్కువ వాస్తుంది, వేలి మీద చర్మం పట్టుకుంటే మడతపడదు. డాక్టరు గారు నా వేలి చర్మం లాగి చేసింది స్టెమర్ పరీక్ష. మడతపడినంత మాత్రాన లింఫిడీమా అసలే లేదని తీర్పు చెప్పకూడదని, లిపిడీమా ముదిరితే రెండూ కలిసే ఉండవచ్చని కూడా ఆమె చెప్పారు.

ఇంటికి వచ్చి చదువుకున్నాను. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్ ఈ జబ్బును 1940లోనే వర్ణించారు. అప్పటికి అమ్మ పుట్టనే లేదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీనికంటూ ఒక సంకేతం ఉంది. ఈ రెంటికీ మధ్య ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. అమ్మమ్మ తన కాళ్లను దాచుకుంటూ బతికిన ఏళ్లలో ఎక్కువ భాగం అందులోనే ఉన్నాయి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

"కొవ్వు తీసేయండి" అని రెండో సారి వెళ్లినప్పుడే అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ముందు సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే డాప్లర్ స్కాన్ తీయించారు. కుడి కాలి పెద్ద సిరలో కవాటాలు సరిగా మూసుకోక రక్తం కిందికి జారుతోందని తేలింది. దాన్ని లేజర్‌తో మూయించారు. దాంతో సాయంత్రం చీలమండ దగ్గర వచ్చే వాపు బాగా తగ్గింది, ముట్టుకుంటే వచ్చే నొప్పి మాత్రం అలాగే ఉంది. ఏ బాధ దేనివల్లో అప్పుడు నాకు స్పష్టమైంది. ఆ తరువాత ఆరు నెలలు రోజంతా బిగుతు మేజోళ్లు, వారానికి మూడు రోజులు మెడ లోతు నీళ్లలో నడక, లింఫు ద్రవాన్ని మెల్లగా పైకి తోసే మర్దన. ప్రతి రాత్రీ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసుకుని పుస్తకంలో రాసుకోమన్నారు. మొదటి నెల సగటు ఏడు. ఆరో నెల సగటు అయిదున్నర. ఆ పుస్తకమే తరువాత నా నిర్ణయానికి ఆధారమైంది.

కొవ్వును గొట్టంతో పీల్చి తీసే ఈ శస్త్రచికిత్స (లైపోసక్షన్) మీద వైద్యలోకంలో ఏకాభిప్రాయం లేదని కూడా ఆమె దాచలేదు. జర్మనీలో ఆరోగ్య బీమా 2020 నుంచి ముదిరిన మూడో దశకు మాత్రమే దీని ఖర్చు భరించేది; 2025 జులైలో అన్ని దశలకూ వర్తింపజేయాలని నిర్ణయించారు. బ్రిటన్‌లో చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో దీన్ని పరిశోధనలో భాగంగా తప్ప చేయవద్దంది. "ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, జబ్బును కూకటివేళ్లతో పెకలించేదీ కాదు. మేజోళ్లు ఆ తరువాత కూడా వేసుకోవలసి రావచ్చు. నొప్పి తగ్గుతుందనే ఆశతో చేయించుకుంటే చేయించుకోండి" అన్నారు. అదే ఆశతో చేయించుకుంటానన్నాను.

అనుకున్న తేదీకి జరగలేదు. తొడలు ఒరుసుకునే చోట చర్మం ఎర్రబడి, చెమ్మ పట్టి, శిలీంధ్రం సోకింది. అలాంటి చర్మం మీద చిన్న గాటు పెట్టినా సూక్ష్మక్రిములు లోపలికి పోయి సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరలకు సోకే ఇన్ఫెక్షన్) రావచ్చన్నారు. నెల రోజులు మందు రాస్తూ, పలుచటి నూలు గుడ్డ మధ్యలో పెట్టుకుంటూ గడిపాను. ఏళ్ల తరబడి ఆ మంటను నేనొక జబ్బుగానే లెక్కపెట్టలేదు. ఇలాంటి కాళ్లున్నవాళ్లకు శస్త్రచికిత్స ఆలోచన ఉన్నా లేకున్నా ఆ మడతల్లో చర్మాన్ని రోజూ చూసుకోమని గట్టిగా చెబుతాను.

మొదటి ఆపరేషన్ మోకాళ్ల లోపలి భాగానికి, పిక్కలకు. ఆ ఉదయం నిలబెట్టి కాళ్ల మీద గీతలు గీశారు, ఎందుకంటే పడుకుంటే కొవ్వు జారి ఆకారం మారిపోతుంది. మత్తు పూర్తిగా ఇవ్వలేదు, మగతలో ఉంచారు. సెలైన్‌లో లిడోకెయిన్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని చర్మం కిందికి ఎక్కించడానికే గంటకు పైగా పట్టింది. లిడోకెయిన్ నొప్పి తెలియనివ్వదు, అడ్రినలిన్ రక్తనాళాలను కుదించి రక్తం పోకుండా చూస్తుంది. జెఫ్రీ క్లైన్ అనే అమెరికా చర్మవైద్యుడు 1980లలో ఈ పద్ధతిని తెచ్చేవరకు ఇలాంటి ఆపరేషన్లలో రక్తం చాలా పోయేదట. నా కాళ్లు పాలిపోయి, చల్లబడి, బిగదీసిన డోలు చర్మంలా అయ్యాయి. అప్పుడు కొన్ని మిల్లీమీటర్ల గాట్లు పెట్టి సన్నని గొట్టాలు దూర్చారు. గొట్టాన్ని కాలి పొడవునే కదిలించారు, అడ్డంగా తిప్పలేదు. లింఫు నాళాలు చాలావరకు కాలి పొడవునే పోతాయి. అడ్డంగా పోతే అవి తెగి, లేని లింఫిడీమాను తెచ్చిపెట్టినట్టవుతుంది. మామూలు లైపోసక్షన్‌లో చేయి తిరిగినవారైనా లిపిడీమాలో అనుభవం ఉందో లేదో అడిగి తెలుసుకోవలసింది ఇందుకే. నాకు లోపల ఎవరో గుంజుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. తీసిన కొవ్వు మూడు లీటర్లు.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. కొవ్వులోకి ఎక్కించిన లిడోకెయిన్ రక్తంలో అత్యధిక స్థాయికి చేరడానికి పన్నెండు గంటలో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు కాబట్టి రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలన్నారు. సాయంత్రమే లేపి నడిపించారు. గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరకుండా పొట్ట మీద రోజూ ఒక ఇంజెక్షన్. గాట్లకు గట్టిగా కుట్లు వేయలేదు. లోపల మిగిలిన గులాబీ రంగు ద్రవం రెండు రోజులు కారుతూనే ఉంది. మంచం మీద పరిచిన పీల్చుడు గుడ్డలు ఎన్నిసార్లు మార్చారో చెప్పలేను. ముందే తెలియకపోతే ఆ తడి చూసి రక్తస్రావమని హడలిపోతాం.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది మూడో రోజు. ఆపరేషన్ కాగానే కాళ్లకు తొడిగిన బిగుతు దుస్తులను స్నానం కోసం మొదటిసారి విప్పాలి. కూర్చుని విప్పమని నర్సు చెప్పింది, నేను వినకుండా నిలబడ్డాను. బిగింపు వదలగానే రక్తం ఒక్కసారి కాళ్లలోకి దిగింది, కళ్లు బైర్లు కమ్మాయి. పడబోతుంటే అమ్మ, నర్సు పట్టుకున్నారు. అప్పటి నుంచి మంచం మీద పడుకునే విప్పాను, సగం విప్పి పది నిమిషాలు ఆగేదాన్ని. నాలుగు వారాలు రాత్రింబవళ్లు ఆ దుస్తుల్లోనే. మోకాలి వెనక ముడత పడి చర్మంలోకి కోసుకునేది. అక్కడ మెత్తటి స్పాంజి ముక్క పెట్టుకుంటే తగ్గింది.

మూడో వారంలో పిక్కలు మళ్లీ గట్టిపడ్డాయి. జబ్బు తిరిగొచ్చిందని బెంబేలెత్తాను. లోపలి కణజాలం మానేటప్పుడు అలా గడ్డలుగా ఉంటుందని, పూర్తి వాపు దిగడానికి ఆరు నెలలు పడుతుందని చెప్పారు. అలాగే జరిగింది. రెండో ఆపరేషన్ తొడలకు, నాలుగు నెలల తరువాత, నాలుగున్నర లీటర్లు. అది మొదటిదానిలాగే సాగింది, ఈసారి నాకు భయం తక్కువ.

పిక్క కొలత 47 సెంటీమీటర్ల నుంచి 41కి వచ్చింది. అందరూ అదే అడుగుతారు. నేను చూసుకునేది నొప్పి పుస్తకం. ఈ మధ్య నెల సగటు రెండు. అక్క కూతురు ఒడిలోకి ఎక్కేటప్పుడు దాని మోకాలు నా తొడలో గుచ్చుకుంటే ఇప్పుడు నేను ఊపిరి బిగబట్టను. కమిలిన మచ్చలు అరుదయ్యాయి. మోకాలి పైన చర్మం వదులైంది; కోసి బిగిస్తామన్నారు, ఇప్పుడు వద్దన్నాను. పగలు మేజోళ్లు వేసుకుంటూనే ఉన్నాను.

ఎడమ తొడ వెనక అరచేతి వెడల్పున స్పర్శ పోయింది. నరాలు మెల్లగా కోలుకుంటాయని, ఏడాది పట్టవచ్చని అన్నారు. నేను చూడలేని చోటు కాబట్టి ప్రతి ఆదివారం అమ్మ దూది ముక్కతో బయటి నుంచి లోపలికి రాస్తుంది. తెలియడం ఆగిన చోట "ఆగు" అంటాను, అక్కడ పెన్నుతో చుక్క పెడుతుంది. చుక్కలన్నీ కలిపి గీసి ఫోటో తీస్తాం. పోయిన ఆదివారం గీత అంతకు ముందరి దానికన్నా వేలెడు లోపలికి జరిగింది. పెన్ను పక్కన పెట్టి అమ్మ తన పాదం ముందుకు చాచి, "నాకూ ఆ వేలి దగ్గర చర్మం లేస్తుందేమో చూడు" అంది.