గిట్ లాగ్‌లో ఫాలో ఆప్షన్‌కు పెడుతున్న పరీక్షలు

ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాఫ్ట్‌వేరులో, పేరు మారిన ఫైలుకు పాత చరిత్రను కూడా చూపే "గిట్ లాగ్ --ఫాలో" ఆదేశం ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకోవడానికి, తాత్కాలిక ఫోల్డరులో కొత్త రిపాజిటరీ (ఫైళ్లనూ వాటి చరిత్రనూ గిట్ ఉంచే చోటు) తెరిచి, కావలసిన కమిట్లు (చరిత్రలో ఒక్కో మెట్టుగా భద్రపరిచే మార్పులు) చేసి, ఫలితం చూశాక దాన్ని చెరిపేసే ఒక చిన్న షెల్ స్క్రిప్టు రాసుకున్నాను.

పేరు మార్పును గిట్ ఎక్కడా నమోదు చేయదు. పేరు మార్చే ఆదేశం "గిట్ ఎంవీ" వాడినా పాత పేరును తీసేసి కొత్త పేరును చేర్చినట్టే లెక్క. రెండింటి మధ్య పోలిక కనీసం 50 శాతం ఉంటే అవి ఒకే ఫైలని లాగ్ చూపే సమయంలో ఊహిస్తుంది. అందుకే నాలుగు వరుసల ఫైలుకు పేరు మార్చి అదే కమిట్‌లో మూడు వరుసలు తిరగరాసినప్పుడు చరిత్ర అక్కడికక్కడే తెగిపోయింది. పేరు మార్పును, సవరణను వేర్వేరు కమిట్లుగా విడదీస్తే మొత్తం దొరికింది. ఈ 50 శాతం హద్దును "-ఎం" ఆప్షన్‌తో మార్చుకోవచ్చు గానీ, "-ఎం5" అంటే 5 శాతం కాదు. గిట్ దాన్ని 0.5గా, అంటే 50 శాతంగానే చదువుతుంది. 5 శాతం కావాలంటే "-ఎం5%" అనో "-ఎం05" అనో రాయాలి.

నాకు బాగా చికాకు కలిగించినది నకళ్ల సంగతి. పాత ఫైలు చెక్కుచెదరకుండా ఉండగానే దాని నకలుతో కొత్తది మొదలుపెడితే, ఫాలో నేరుగా ఆ పాత ఫైలు చరిత్రలోకి వెళ్లిపోతుంది. పొడవాటి లైసెన్సు పాఠంతో మొదలయ్యే చిన్న ఫైళ్లకు ఇలా సంబంధం లేని చుట్టరికం కలిసే అవకాశం ఎక్కువ.

రెండు ఫైళ్ల పేర్లు ఇస్తే ఆప్షన్ నిరాకరిస్తుంది, అది న్యాయమే. ఫోల్డరు పేరు ఇస్తే మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఒప్పుకొని, దాని పాత పేరును వెతకకుండా ఊరుకుంటుంది. తొలగించిన ఫైలుకైతే పేరుకు ముందు విడిగా "--" పెట్టాలి.

ఇక మిగిలింది మెర్జ్, అంటే వేర్వేరు శాఖలుగా సాగిన పనిని ఒకటిగా కలపడం. ఫాలో ఒక సమయంలో ఒక్క పేరునే గుర్తుంచుకుంటుంది కనుక, ఒక శాఖలో పేరు మారి, మరో శాఖలో పాత పేరుతోనే సవరణ జరిగితే, ఆ సవరణ కనిపించడం కమిట్ల తేదీల వరుసపై ఆధారపడుతుంది. కమిట్ తేదీని నిర్ణయించే "గిట్_కమిటర్_డేట్" విలువను అటూ ఇటూ మార్చి రెండు వరుసలనూ నడిపేలా ఇప్పుడు స్క్రిప్టును సవరిస్తున్నాను.