ఆటోనగర్‌లో రెండు కిలోల బేరం

నా ఎలక్ట్రానిక్స్ సరదా కోసం 24 వోల్టుల జంట పవర్ సప్లై (మధ్య తీగకు అటూ ఇటూ 24 వోల్టులు ఇచ్చేది) ఒకటి కట్టుకోవాలనుకుని చాలాకాలమైంది. దానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మరును పాత సామానులోంచే ఏరుకుందామని, ఒక శనివారం ఉదయం గుంటూరులో ప్యాసింజరు రైలెక్కాను. నంబూరు, మంగళగిరి దాటి, కృష్ణ వంతెన మీదుగా విజయవాడ చేరేసరికి ఎండ ముదిరింది. సంచిలో మల్టీమీటరు, స్కేలు, 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు, హోల్డరుకు బిగించిన 60 వాట్ల బల్బు ఉన్నాయి. బెంజ్ సర్కిల్ మీదుగా సిటీ బస్సులో ఆటోనగర్‌కు వెళ్లాను.

లారీల బాడీలు కట్టే షెడ్ల వెనుక ఒక తుక్కు కొట్టులో, స్టార్టరు మోటార్ల పక్కన, ట్రాన్స్‌ఫార్మర్లు గుట్టగా పడి ఉన్నాయి. "గురువుగారూ, తూకానికి ఇస్తాను, పనిచేస్తుందో లేదో మాత్రం నన్నడగొద్దు" అని యజమాని ముందే తేల్చేశాడు. గుట్టలో సగం స్టెబిలైజర్లలోంచి ఊడదీసినవి. వాటి జోలికి నేను పోను. అవి ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. లోపలికి వచ్చే కరెంటుకూ బయటికి పోయే కరెంటుకూ ఒకటే తీగచుట్ట కాబట్టి మెయిన్స్ నుంచి మనల్ని వేరుచేసే అడ్డు వాటిలో ఉండదు. ఈ సంగతి తెలియని రోజుల్లో అలాంటిదానితో ఒక ఆంప్లిఫయరు కట్టి, దాని రేకు డబ్బాను తాకి, గోడకు కొట్టుకున్నవాణ్ణి నేను. యూపీఎస్‌లలోంచి తీసినవీ ఉన్నాయి. డబ్బా మీద 600 వీఏ (వోల్టు-ఆంపియర్లు, అంటే మోయగల సామర్థ్యం) అని రాసి ఉన్నా, అవి కొద్ది నిమిషాలు మాత్రమే మోయడానికి చేసినవి. గంటల తరబడి వాడితే అంతకన్నా చాలా తక్కువ బరువుకే (లోడుకే) వేడెక్కిపోతాయి.

అడుగున దుమ్ము కొట్టుకుపోయినది ఒకటి కనిపించింది. లేబులు లేదు. ఒకవైపు రెండు తీగలు, మరోవైపు మూడు. స్టాంపింగుల (తీగచుట్టల మధ్య కోరుగా పేర్చిన ఇనుప రేకుల) పొడవు 9.6 సెంటీమీటర్లు. ఇ, ఐ ఆకారపు రేకుల్లో నడిమి కాలు వెడల్పు సాధారణంగా పొడవులో మూడో వంతు ఉంటుంది, అంటే ఇక్కడ 3.2. దొంతర మందం 3.5. ఈ రెండింటినీ గుణిస్తే కోరు వైశాల్యం 11.2 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 1.2తో భాగించి వర్గం చేస్తే 87 వస్తుంది. ఇది ముతక లెక్కే, అయినా 80 నుంచి 100 వాట్ల సరుకు అని అక్కడే నమ్మకం కుదిరింది. కాటా మీద రెండు కిలోలు తూగింది.

మల్టీమీటరుతో రెసిస్టెన్సు కొలిస్తే, రెండు తీగల వైపు 20 ఓములు, మూడు తీగల వైపు మధ్య తీగ నుంచి అటూ ఇటూ అర ఓము చొప్పున చూపించింది. అర ఓము కొలిచేటప్పుడు మీటరు తీగల సొంత రెసిస్టెన్సును తీసివేయకపోతే లెక్క తప్పుతుంది. రెసిస్టెన్సు ఎక్కువున్న వైపు 230 వోల్టులది కావచ్చు, కానీ ఊహ మీద ప్లగ్గు పెట్టకూడదు. అందుకని ముందు నా చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి 12 వోల్టులు ఆ వైపు ఇచ్చాను. రెండో వైపు ఒక్కో సగంలో 1.37 వోల్టులు వచ్చాయి. 230 అంటే 12కు దాదాపు 19 రెట్లు. ఆ లెక్కన ఒక్కో సగానికి ఖాళీగా ఉన్నప్పుడు 26 వోల్టుల పైచిలుకు రావాలి. నేను వెతుకుతున్నది అదే.

పక్కనే మోటారు వైండింగు చేసే మేస్త్రీ దగ్గర 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను పరీక్షించే మీటరుతో) వైండింగులకూ రేకులకూ మధ్య చూస్తే 100 మెగాఓములు దాటింది. ఆ తరువాతే 60 వాట్ల బల్బును వరసలో కలిపి మెయిన్స్ ఇచ్చాను. బల్బు ఒక్క క్షణం తళుక్కుమని ఆరిపోయింది. ఆ మొదటి మెరుపు మామూలే. లోపల చుట్లు షార్టయి ఉంటే బల్బు వెలుగుతూనే ఉండేది. బల్బు తీసేసి నేరుగా ఇస్తే ఒక్కో సగం 26.3 చూపించింది.

బరువు వేసి చూడటానికి ఆటోనగర్‌కు మించిన చోటు లేదు. లారీ ఇండికేటర్లకు వాడే 24 వోల్టుల, 21 వాట్ల బల్బులు నాలుగు కొని, ఒక్కో సగానికి రెండేసి తగిలించాను. వోల్టేజి 24.5 దగ్గర నిలిచింది. యజమాని ఆ వెలుగు చూసి, "పనిచేసేదైతే తూకం రేటు కాదండీ" అంటూ రేటు పెంచబోయాడు. పనిచేస్తుందో లేదో నన్నడగొద్దన్నది ఆయనే కదా అని గుర్తుచేస్తే, మేస్త్రీ నవ్వి నా పక్షాన మాట్లాడాడు.

మరునాడు గుంటూరులో ఇంటి దగ్గర అవే బల్బులతో రెండు గంటలు నడిపించి, ప్లగ్గు తీసిన వెంటనే ప్రైమరీని (230 వోల్టుల వైపు చుట్టను) మళ్లీ కొలిచాను. గది వేడి 32 డిగ్రీలు ఉన్నప్పుడు 20 ఓములున్నది 23.2కు పెరిగింది. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు పెరిగే రాగి గుణాన్ని బట్టి లెక్కిస్తే లోపలి తీగ సగటు వేడి దాదాపు 75 డిగ్రీలు. పాత తరహా కాగితం, వార్నిషు ఇన్సులేషను సైతం 105 డిగ్రీల వరకు తట్టుకుంటుంది కాబట్టి ఇక దిగులు లేదనుకుని, మీదున్న దుమ్ము తుడిచి, ఆ అంకెలన్నీ ఒక పట్టీ మీద రాసి దానికే అంటించాను.