రెండు ట్రాక్టర్ల మధ్య మూడు నిమిషాల ఆట

మిర్యాలగూడ బస్సు ఎల్బీనగర్ దాటేసరికి ఏడున్నరయింది. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూసింది తక్కువ. ఒళ్లో ల్యాప్‌టాప్, అందులో నేనెప్పుడూ ముఖం చూడని ఒక మనిషి ఆడిన బ్లిట్జ్, అంటే మెరుపు వేగపు చెస్ ఆటలు. లైచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైటులో అతని రేటింగు 2350 చుట్టుపక్కల తిరుగుతుంటుంది. రాత్రి పదకొండు దాటాక వస్తాడు, తెల్లవారుజామున నాలుగింటికి పోతాడు. అన్నీ ఒక్కొక్కరికి మూడు నిమిషాల ఆటలే. నేను హైదరాబాద్‌లో పిల్లలకి చెస్ నేర్పుతాను, కుర్రతనంలో టోర్నమెంట్లు చాలానే ఆడాను. అయినా ఇతని చేతిలో ఓడిన రాత్రి నిద్ర పట్టదు. బోర్డు మీద గెలుపు నాదే అయి ఉంటుంది, గడియారంలో మాత్రం ఏమీ మిగలదు.

ఈమధ్య అతనే మెసేజ్ పెట్టాడు. "సార్, నా ఆటల తప్పు యాడున్నదో జెర చూసి చెప్తరా? ఫోన్ల గెలుస్తున్న, టోర్నమెంటుకు పోతే చిన్నపోరలు కొడుతున్నరు." రైస్ మిల్లులో పని అన్నాడు. వడ్ల సీజన్, సెలవు దొరకదన్నాడు. సరే, నేనే వస్తానన్నాను.

చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు చూశాను. తెల్లపావులతో ఎప్పుడూ లండన్ అనే ఓపెనింగే. బంటు డీ4 గడికి, బిషప్ ఎఫ్4కి, ఈ3, సీ3... మొదటి ఎనిమిది ఎత్తులకీ కలిపి నాలుగైదు సెకన్లు. అంటే అవతలివాడు ఏం ఆడతాడో చూడకుండానే ప్రీ-మూవ్ వేసి పెట్టేస్తున్నాడు. నల్లపావులొచ్చి ఎదుటివాడు ఈ4 ఆడాడంటే స్టాఫర్డ్ గాంబిట్. మూడో ఎత్తుకే ఈ5 బంటును ఊరికే వదిలేసి ఉచ్చులు పన్నడం. తెల్లవాడు ఐదో ఎత్తుకి నింపాదిగా డీ3 ఆడి కూర్చుంటే బంటు పోయినట్టే, బదులుగా వచ్చేది పెద్దగా ఉండదు. ఈ సంగతి ఆ స్థాయిలో అందరికీ తెలుసు. మూడు నిమిషాల ఆటలో అందరికీ గుర్తురాదు, అంతే.

చాలామంది కోచ్‌లు ఇక్కడే ఆగిపోయి ఓపెనింగ్ మార్చెయ్యమంటారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. లండన్ చెడ్డ ఓపెనింగేమీ కాదు. నల్లవాడు తొందరగా సీ5 తోసి మంత్రిని బీ6కి తెచ్చినా చూసుకోకుండా అవే ఎత్తులు వేసి బీ2 బంటు పోగొట్టుకోవడం, అదీ జబ్బు. దానికి ఓపెనింగ్ మారిస్తే ఏం లాభం, కళ్లు బోర్డు మీద పెట్టాలి గానీ.

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి బస్సు కుడికి తిరిగింది. చెర్వుగట్టు కనబడగానే ముందు సీట్లో పెద్దావిడ లేచి నిలబడి జడల రామలింగేశ్వరుడికి దండం పెట్టుకుంది. డ్రైవరు కూడా స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీశాడు. నేను మధ్య ఆటలోకి దిగాను.

అక్కడ మనిషి రంగు బయటపడింది. అవకాశం దొరికితే బిషప్‌ను ఇచ్చి ఎదుటివాడి గుర్రాన్ని తీసేస్తాడు, తన గుర్రాలను మాత్రం చివరిదాకా అట్టిపెట్టుకుంటాడు. చివరి ఇరవై సెకన్లలో గుర్రం ఎక్కడ దూకుతుందో లెక్కవేయడం ఎవరికైనా కష్టమే, అది ఇతనికి బాగా తెలుసు. బంట్లు ఎదురెదురుగా నిలబడ్డచోట తను కొట్టడు. నువ్వే తేల్చుకో అన్నట్టు పక్కన ఇంకేదో ఆడతాడు. ఓడిపోయే స్థితిలో మరీ గడుసు. ప్రతి ఎత్తులోనూ ఏదో ఒక చిన్న బెదిరింపు ఉంటుంది. ఆ ఎత్తులు ఆటను లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్‌కు నచ్చవు, ఎదురుగా కూర్చున్న మనిషికి చెమటలు పడతాయి. ఇది నేర్పితే వచ్చేది కాదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో మంచి రేటింగున్న వాళ్లకు కూడా ఇది లేదు. ఒక పావు పోగానే ముఖం వేలాడేస్తారు.

నల్లగొండ బస్టాండులో దిగి బత్తాయి రసం తాగాను. జిల్లా అంతా బత్తాయి తోటలే, గ్లాసులో మాత్రం ఐసే ఎక్కువ.

బస్సు కదిలాక ఎత్తులు పక్కనబెట్టి అంకెలు చదవడం మొదలుపెట్టాను. ఒక్కో ఎత్తు తర్వాత గడియారంలో ఎంత మిగిలిందో లైచెస్ ఆట ఫైల్లోనే ఉంటుంది. తిప్పర్తి దాటేదాకా అదే పని. దాడి కుదిరి, రెండు దారులూ గెలుపే అయిన చోట పది పన్నెండు సెకన్లు కూర్చున్నాడు, ఏది అందంగా ఉంటుందా అని. మంత్రుల్ని మార్చుకోవాలా వద్దా, ఏనుగులు పోనిచ్చి ఉత్త బంట్ల ఆటలోకి దిగాలా అన్న చోట ఒక్క సెకను. కొన్నిచోట్ల అదీ లేదు. వెనక్కి తీసుకోలేని ఎత్తుల దగ్గరే ఇతనికి తొందర. ఎత్తులు ఎంత సరిగ్గా ఉన్నాయో కంప్యూటరు చెప్పే యాక్యురసీ శాతంలో ఇది కనబడదు. నలభై మంచి ఎత్తుల మధ్య ఒక్కటి మునిగితే శాతం పెద్దగా తగ్గదు, ఆట పోతుంది.

వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాల్వ రాగానే నేల రంగు మారిపోయింది. అప్పటిదాకా పత్తి, తోటలు, బీడు. ఆ తర్వాత ఎటు చూసినా వరి. కోత మిషన్లు మళ్లలో తిరుగుతున్నాయి, పచ్చివడ్ల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారు కట్టి ఉన్నాయి. మిల్లు గేటు దాకా ఆ బారు వెంటే నడిచాను.

అతను కాంటా గదిలో ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. తల మీద, కనుబొమల మీద ఊక దుమ్ము. "ఒచ్చిన్రా సార్! కూసోండ్రి. రాత్రి నించి నేనే ఉన్న, నా బదులు ఇంకొకడు రావాలె, రాలే" అంటూ కుర్చీ లాగి తను స్టూలు మీదికి మారాడు. కిటికీ అవతల ఒక ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కింది. తెర మీద అంకె కాసేపు ఊగి నిలబడింది. బండి నంబరు కొట్టాడు, ప్రింటరు కిర్రుమంటూ చీటీ కక్కింది, చింపి డ్రైవరు చేతికిచ్చాడు. ట్రాక్టరు వడ్లు దింపడానికి లోపలికి పోయింది. వెనక బండి డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. ఎవరో అరిచి లేపుతున్నారు. ఇంతలో ప్రింటరుకి ఆనించిన ఫోన్లో ఆట మొదలయింది. ఎడమ చేత్తో చీటీల కట్ట సర్దుతూ కుడి బొటనవేలితో లండన్ వేసేస్తున్నాడు. అద్దం మూలన పగిలి ఉంది, సరిగ్గా హెచ్1 గడి మీద.

ఆట బాగా ముదిరింది. అతనికి ఒక బంటు ఎక్కువ. కిటికీలో ట్రాక్టరు ముందు చక్రం కనబడింది. అంతే, టకటకా ఏనుగులు మార్చేశాడు.

"ఎందుకు మార్చినవ్?"

"బండి ఒచ్చింది గద సార్. అది ఎక్కేలోపట అయిపోవాలె."

బస్సులో చూసిన ఒక్క సెకను ఎత్తులన్నీ ఎక్కడ పుట్టాయో అప్పుడు తెలిసింది. ఏళ్లతరబడి రెండు తూకాల మధ్య ఆడి ఆడి, ఆట క్లిష్టమైనప్పుడల్లా అన్నీ మార్చేసి తేల్చేయడం చేతికి అలవాటైపోయింది. బండి లేని చోట కూడా ఆ చెయ్యి అదే చేస్తోంది. నిరుడు హైదరాబాద్‌లో రేటింగ్ టోర్నమెంటు ఆడాడట. ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తుకి ముప్పై సెకన్లు అదనం. నాలుగో తరగతి పిల్ల చేతిలో ఓడిపోయి లేచేటప్పటికి అతని గడియారంలో మొదలుపెట్టినప్పటి కన్నా ఎక్కువ టైం ఉందట. ముప్పై సెకన్లలోపే ఆడుతూ పోతే అంతే, గడియారం పెరుగుతూ పోతుంది. "ఆ పిల్ల మాత్రం కుర్చీల మోకాళ్ల మీద నిలబడి అరగంట చూసింది సార్ ఒక్క ఎత్తుకు" అన్నాడు. కోపం లేదు, ఆశ్చర్యమే.

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో అతని రేటింగు 1560. ఫోన్లో 2350 అంటే ఈ అంకె చూసి నవ్వేవాళ్లుంటారు గానీ రెండూ ఒకే కొలత కాదు. లైచెస్ కొత్తవాడికి 1500 చేతిలో పెట్టి గ్లికో-2 పద్ధతిలో లెక్కవేస్తుంది. ఫిడేది ఈలో పద్ధతి, 2024 మార్చి నుంచి అక్కడ అన్నిటికన్నా కింది మెట్టు 1400. ఒకదాంట్లోంచి కొంత తీసేస్తే రెండోది వస్తుందనుకోవడం తప్పు. అయినా ఇతని విషయంలో తేడా మరీ ఎక్కువే.

మధ్యాహ్నం రెండు గంటలకి అతని బదులు మనిషి వచ్చాక గోనెసంచుల దొంతర మీద నేను తెచ్చిన బోర్డు పరిచాం. ముందు రాజును కట్టే మేటు సమస్యలు పెట్టాను. నాలుగెత్తుల మేటు నేను పావులు సర్ది చెయ్యి తీసేలోపే చెప్పేశాడు. ఆట చివర ఏనుగులు, బంట్లే మిగిలే ఏనుగు ముగింపులు పెడితే కాళ్లు ఊపడం మొదలయింది. ఫిలిడార్ రక్షణ పేరు వినలేదు. తన వైపు నుంచి మూడో వరుసలో ఏనుగును నిలబెట్టి, ఎదుటి బంటు ఆ వరుసకొచ్చాకే దూరంగా పోయి వెనక నుంచి చెక్‌లివ్వాలి. చెక్‌ల సంగతి సొంతంగా కనిపెట్టాడు గానీ ఆగలేక ముందే మొదలుపెట్టేశాడు.

తర్వాత అతని ఆటలోంచే ఒకటి. తెల్లరాజు డీ3, బంటు ఈ2, నల్లరాజు ఈ6, ఎత్తు తెల్లవాడిది. ఆ రాత్రి చేతిలో నలభై సెకన్లుండగా ఒక్క సెకనులో బంటును ఈ3కి తోసి డ్రా చేసుకున్నాడు. ఇప్పుడూ చెయ్యి బంటు మీదికే పోయింది.

"చేతులు ఎనకకు పెట్టుకో" అన్నాను.

పెట్టుకున్నాడు. కాసేపటికి "ఇంజిన్ ఏమంటది సార్?" అన్నాడు. ఇంజిన్ లేదన్నాను. మళ్లీ చూశాడు. పెదాలు కదులుతున్నాయి. బయట హమాలీలు ఏదో గొడవ పడుతున్నారు, వినలేదు.

"రాజు పోవాలె... ఈ4కు. బంటు ఆడనే ఉండాలె."

"ఎందుకు?"

"దానికింక ఒక ఎత్తు మిగిలే ఉన్నది. అవసరమైతే అప్పుడు ఆడొచ్చు."

ముగింపు ఆట సూక్ష్మం సగం ఆ మాటలోనే ఉంది. గుకేశ్ ప్రపంచ విజేత అయిన ఆట గుర్తుందా అని అడిగాను. 2024 డిసెంబరు 12, సింగపూర్. కాంటా గదిలోనే లైవ్ చూశాడట. 55వ ఎత్తులో ఎదుటి ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చి, మరుసటి ఎత్తుకే బిషప్పులూ మారక తప్పని పరిస్థితి తెచ్చాడు. మిగిలిన బంట్ల ఆట డింగ్‌కి ఓటమే, 58 ఎత్తులకి అయిపోయింది. "అంటే డింగ్ గూడ నా లెక్కనే మార్చిండు!" అని తెగ సంబరపడిపోయాడు. అందులో సంబరపడేదేముందో గానీ, విషయం మాత్రం ఎక్కింది.

ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం. కాంటా దగ్గర మూడు నిమిషాలవి ఆడుకో, మానొద్దు. గుర్రాలనీ, మునిగిపోతూ చేసే ఆ గడుసుతనాన్నీ ఎవరు చెప్పినా వదలొద్దు. సీజన్ అయిపోయాక ఇంట్లో కూర్చుని పదిహేను నిమిషాల ఆటలు, ఎత్తుకి పది సెకన్ల అదనంతో, రోజుకి ఒక్కటి చాలు. పావులు మార్చుకునే ప్రతి ఎత్తుకి ముందు చేతులు వెనక్కి. అన్నీ పోయాక బోర్డు మీద ఏం మిగులుతుందో మనసులో చూశాకే ముందుకి. ఇంజిన్ మర్నాడే తెరవాలి. టోర్నమెంటులో ఎత్తులు రాయక తప్పదు కాబట్టి ఇంట్లోనూ రాయాలి. నిరుడు రాయడం కొత్త కావడంతో అదొక చిరాకు అయిందట. కాగితం కోసం వెతికి తప్పు పడ్డ కాంటా చీటీల వెనక రాయడం మొదలుపెట్టాడు. రాజుకీ రూక్‌కీ, అంటే ఏనుగుకీ, ఒకే అక్షరం రాసుకుంటుంటే దిద్దాను.

అన్నిటికీ తలూపాడు. స్టాఫర్డ్ దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"అదొక్కటి ఇడ్వను సార్."

"ఫోన్ల ఆడుకో. టోర్నమెంట్ల మాత్రం వద్దు."

"నల్లగొండల పెడితే ఒక్క రౌండు?"

"ఏ రౌండు?"

"ఆఖరిది సార్. అప్పటికి గెల్చేది లేదు, ఓడేది లేదు గద."

ఒప్పుకున్నాను, ఎదుటివాడు నాలుగో తరగతి పిల్ల కాకపోతేనే అన్న షరతు మీద.