రాయి ఎక్కే ముందు రెండు వారాలు

అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మా అమ్మాయి ఒక సెమిస్టరులో తాను తీసుకున్న కోర్సుల పేర్లను ఫోనులో వినిపిస్తూ, చిట్టచివర "రాక్ క్లైంబింగ్, ఒక క్రెడిట్" అన్నది. "గుట్టలెక్కుడు నేర్చుకోవడానికి అంత దూరం పోవాల్నా బిడ్డా, మన హనుమకొండ పద్మాక్షి గుట్ట లేదా?" అని నవ్వాను. ముప్పై ఒక్క సంవత్సరాలు డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం బోధించిన నాకు, గుట్ట ఎక్కినందుకు మార్కులు వేయడమంటే పెళ్లిలో భోంచేసినందుకు జీతమివ్వడం లాగా తోచింది.

రెండు వారాల తరువాత ఎంత ఎత్తు ఎక్కావని అడిగితే, ఇంకా కాలు నేల మీది నుండి లేవలేదని చెప్పింది. ఆ రెండు వారాలూ వారికి నేర్పినవి నడుముకు కట్టుకునే హార్నెస్‌ను సరిచూసుకోవడం, ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి అదే దారిలో తాడును తిరిగి వెనక్కి నడపడం, పైకి ఎక్కేవారు జారితే కింద నిలబడి తాడు బిగించే 'బిలే' పని, ఎక్కే ముందు ఒకరి ముడిని మరొకరు చూసి పైకి చెప్పడం. తాడు పట్టే పరీక్షలో నెగ్గని విద్యార్థికి మరొకరి ప్రాణాన్ని అప్పగించరు. ఎంత ఎత్తు ఎక్కారన్నదానికి అక్కడ మార్కులు చాలా తక్కువని విన్నాక నా నవ్వు కొంత తగ్గింది.

అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇది కొత్త సంగతి కాదు. ఎంఐటీ వంటి సాంకేతిక విద్యాసంస్థలో కూడా డిగ్రీ విద్యార్థులు ఈత పరీక్షతో పాటు నాలుగు వ్యాయామ కోర్సులు పూర్తి చేయవలసి ఉంటుంది. పాల్ పెట్జోల్ట్ అనే పర్వతారోహకుడు 1965లో వయోమింగ్ రాష్ట్రంలో నెలకొల్పిన నోల్స్ సంస్థ కొండల్లో, అడవుల్లో వారాల తరబడి నడిపే శిక్షణను కళాశాల క్రెడిట్లుగా మార్చుకునే వీలు కూడా ఉన్నది.

ఇక మన సంగతి. మా శాఖలో చేతితో చేసి నేర్చుకోవడానికి గుర్తు ప్రాక్టికల్ రికార్డు. దానిలోని బొమ్మలను పోయిన సంవత్సరం సీనియరు రికార్డు చూసి వేసేవారన్న సంగతి సంతకం పెట్టే నాకు తెలుసు, నాకు తెలుసునని వారికీ తెలుసు. సంవత్సరానికొకసారి బయటికి వెళ్లే అవకాశం క్షేత్ర పర్యటన రూపంలో దొరికేది. ఒకసారి మోదుగులు పూసే కాలంలో నలభై ఇద్దరు విద్యార్థులతో, మరొక సహోద్యోగితో కలిసి వరంగల్ దగ్గరి పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవికి వెళ్లాను. టేకు, ఇప్ప, మద్ది, తునికి ఆకులను చూపిస్తూ, కొమ్మలు తుంచి పాత వార్తాపత్రికల మడతల్లో పెట్టిస్తూ, ఇంకొంచెం ఇంకొంచెం అనుకుంటూ చెరువు గట్టుకు చాలా దూరం వచ్చేశాము. పన్నెండు దాటాక ఒక విద్యార్థి కళ్లు తిరిగి పడిపోయాడు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను బస్సులోనే ఉన్నది. పశువులు కాసుకునే ఒక పెద్దమనిషి తన సీసాలోని నీళ్లు ఇచ్చి, పిల్లవాణ్ణి నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, "గింత ఎండల గిట్లెట్ల తీస్కొచ్చిన్లు సారూ?" అని అడిగాడు. పిల్లవాడు కోలుకున్నాడు. ఆ పర్యటన రికార్డులో ఇరవై మూడు మొక్కల వివరాలు ఉన్నాయి. నీళ్ల గురించి ఒక్క వాక్యం కూడా లేదు, ఆ రికార్డుపై సంతకం నాదే.

మా అమ్మాయి కోర్సు గురించి విన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ క్యాను. మనిషికి ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు, ఎవరి సంచిలో ఏమి ఉండాలి, ఎవరికి ప్రథమ చికిత్స తెలుసు అన్న లెక్కలు ఆ కోర్సులో పాఠ్యాంశాలు. మాకు అవి బస్సు డ్రైవరుకు, అదృష్టానికి వదిలేసిన విషయాలు. బయటికి తీసుకువెళ్లే చదువు మన దగ్గర లేకపోలేదు: రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉన్న ఎన్ఎస్ఎస్ 1969 నుండి నడుస్తున్నది, ఎన్‌సీసీ అంతకంటే పాతది, యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ ప్రణాళికలో యోగా, క్రీడలు, శారీరక దారుఢ్యం కూడా క్రెడిట్లున్న కోర్సుల జాబితాలో చేరాయి. అయితే ఆ క్రెడిటును హాజరు పట్టీ చూసి, శిబిరం ఫొటో చూసి వేసినంత కాలం విద్యార్థి నేర్చుకునేది ఫొటోలో ఎక్కడ నిలబడాలన్నది మాత్రమే. ఏ కళాశాలలోనైనా ఫిజికల్ డైరెక్టరుకు జిల్లా స్థాయి పోటీలకు జట్టును పంపడంతోనే సంవత్సరం గడిచిపోతుంది. ఆటలు రాని మిగిలిన పిల్లలు ఆయన కంట పడరు, ఇందులో ఆయన తప్పు లేదు.

మనకు రాళ్లు తక్కువా? ఓరుగల్లు అన్న పేరులోనే రాయి ఉన్నది. పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ (ఇది నిజామాబాదు జిల్లా పాకాల, మా పర్యటన జరిగిన పాకాల కాదు) గురుకుల పాఠశాల విద్యార్థినిగా భువనగిరి ఏకశిల మీద తొలి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అలాగని ప్రతి గుట్టా ఎక్కడానికి కాదని కూడా ఇటువంటి కోర్సులే నేర్పుతాయి. నేను నవ్వులాటకు చెప్పిన పద్మాక్షి గుట్ట మీద కాకతీయుల నాటి జైన శిల్పాలున్నాయి, అక్కడ తాడు కట్టడానికి మేకు కొట్టాలన్న ఆలోచనే తప్పు. హనుమకొండ గ్రానైటు వాన కురిసి ఆరాక మునుపటి గట్టితనంతోనే ఉంటుంది. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలది ఇసుకరాయి, తడిస్తే బలం తగ్గి పట్టుకున్న అంచే ఊడి చేతిలోకి వస్తుంది కనుక వాన వెలిసిన వెంటనే దానిని ఎక్కకూడదు. ఈ తేడాను తరగతి గదిలో నల్లబల్ల మీద రాసినప్పుడు ఎవరూ తల ఎత్తి చూడరు, తన బరువును ఆ అంచుకు అప్పగించబోయే విద్యార్థి మాత్రం మరిచిపోడు.

పోయిన డిసెంబరులో సెలవులకు వచ్చిన అమ్మాయి, ఆ పాండవుల గుట్టల్లోని ఆదిమానవుల చిత్రాలు చూద్దామన్నది. తాళ్లు లేవు, ఊరికే నడక. బయలుదేరే ముందు నా సంచి విప్పి సీసాలు లెక్కపెట్టి, మరొక రెండు పెట్టి, ఒక కాగితం నా చేతికిచ్చి, "మర్లేది ఎన్నింటికి బాపూ? రాయి" అన్నది. నేను పదకొండు అని రాశాను. దారిలో ఒక తీగ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, పాత అలవాటు. పదకొండయ్యేసరికి చిత్రాలున్న రాతి చరియ ఎదురుగా కనిపిస్తూనే ఉన్నది, ఇంకొక అరగంట నడిస్తే చేరేవాళ్లం. అమ్మాయి కాగితం చూపించింది. నేను ఏదో చెప్పబోయి మానుకున్నాను, ఇద్దరమూ వెనక్కి తిరిగాము.