మందు పుట్టకముందే సూది

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. రెండు రోజులు ఆగితే మా ఆయన లాగే నేనూ "పోనీలే" అనేస్తాను.

మా బూందీ నాటు కుక్క. కిందటేడు వానల్లో విశాఖ ఎంవీపీ రైతుబజారు దగ్గర తోపుడుబండి కింద వణుకుతూ దొరికింది. ఇంటికి తెచ్చిన వారానికే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుంది. వాంతులు, నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒక్కసారి పీల్చినవాళ్ళు జన్మలో మర్చిపోరు. ఎవరో చెబితే ఊరి చివర వాలంటీర్లు నడిపే క్లినిక్‌కి ఆటోలో తీసుకెళ్ళాం. రేకుల షెడ్డు, రెండు స్టీలు బల్లలు, బట్టలారేసే తీగకి వేలాడుతున్న సెలైన్ సీసాలు. డాక్టర్లు తమ డ్యూటీలు అయ్యాక సాయంత్రం వస్తారు. ఐదు రోజులు ముందరి కాలికి డ్రిప్ పెట్టి బతికించారు. మందుల ఖర్చు తప్ప పైసా అడగలేదు.

ఆ క్లినిక్ కోసమే సెప్టెంబరు 28న, ఆదివారం తెల్లవారుజామున, బీచ్ రోడ్డులో కుక్కలతో నడక పెట్టారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. ఆ రోజు రేబిస్ దినం, లూయీ పాశ్చర్ పోయిన రోజు. కుక్కకి మూడొందలు. ఫోన్‌లో డబ్బు కట్టడం రెండు నిమిషాల పని. టీషర్టు ఇంటికే వచ్చింది, కాస్త బిగుతు. బూందీకి మెడపట్టీ వద్దు, ఛాతీకి వేసే హార్నెస్ కొనమన్నారు, కొన్నాం. ఆ మాట మాత్రం నిజం. బెదిరిన కుక్క తల వెనక్కి లాక్కుందంటే మెడపట్టీ మీ చేతిలో, కుక్క రోడ్డు మీద.

ఇక టీకా పుస్తకం సంగతి.

గురువారం పుస్తకం ఫోటో పంపితే వాలంటీర్ కుర్రాడు జవాబిచ్చాడు: "మేడమ్, రేబిస్ టీకా పక్కన స్టిక్కర్ లేదు. వేయించిన చోట అడిగి అంటించుకుని రండి." టీకా సీసా మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు అన్నీ దాని మీదే. సూది వేశాక దాన్ని ఊడదీసి పుస్తకంలో అంటించి, పక్కన డాక్టర్ సంతకం, సీలు వేయాలి. మా పుస్తకంలో తేదీ, కోడి గీకినట్టు ఒక సంతకం, అంతే. తప్పు నాదే. ఇంటికి దగ్గర, ఏసీ ఉంది, కూర్చోడానికి సోఫా ఉంది అని పోయినేడు నవంబరులో ఒక పెద్ద పెట్ క్లినిక్‌లో వేయించాను. పేరు రాయను. ఆ సోఫా మీద కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

శుక్రవారం అక్కడికి వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో వెతికితే బూందీ లేదు, 'బాండీ' ఉంది. జాతి గడిలో ల్యాబ్రడార్. "మీదేనేమో మేడమ్, ఫోన్ నంబర్ ఒకటే." డాక్టర్ గారు లేరు. నలభై నిమిషాలు కూర్చోబెట్టి, లోపలి నుంచి ఒకాయన వచ్చి పుస్తకం పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చేసరికి స్టిక్కర్ తళతళలాడుతూ అంటించి ఉంది. "టూ హండ్రెడ్ మేడమ్." ఎందుకని అడగలేదు. ఇచ్చేశాను. స్టిక్కర్ మీద ఏముందో చదవలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో టీచర్ని. టీసీలో పుట్టినతేదీ అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే టేబుల్‌కి అవతల నుంచే పట్టేస్తాను. అడ్మిషన్ల సీజన్లో హెడ్మాస్టరు గారు కాగితాలన్నీ నా ముందే పెట్టిస్తారు. అలాంటిదాన్ని.

ఆదివారం ఐదున్నరకల్లా గుడి దగ్గరున్నాం. ఇంకా మసక చీకటే. బల్ల దగ్గర కుర్ర లేడీ డాక్టర్, పక్కన ఐస్ బాక్సు. మా ముందు మా పై ఫ్లోర్ ఆవిడ, ఆవిడ బొచ్చు కుక్క షిట్జూ. ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్ట్‌లా పెట్టిన పుస్తకం, అర నిమిషంలో అయిపోయింది. తర్వాత మాది. డాక్టర్ ఫోన్ టార్చ్ వేసి చూసింది. పేజీ మళ్ళీ వెనక్కి తిప్పింది.

"అమ్మా, టీకా ఎప్పుడు వేయించారు?"

"పోయినేడు నవంబరు. తేదీ ఉంది కదమ్మా."

"ఇది తయారైంది ఈ ఏడు మార్చిలో కదండీ."

పుస్తకం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళజోడు పైకి తోసుకుని చదివాను. మార్చి, 2025. వెనకాల లైన్లోంచి ఒకాయన "ఏటి మేడమ్, మందు పుట్టకముందే సూదేసేసారా?" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టర్ కూడా నవ్వు ఆపుకుంది, నేను చూశాను.

నేను మొదలుపెట్టాను. వాళ్ళే అంటించారమ్మా, నేను చూడలేదు, కావాలంటే ఫోన్ చేసి అడగండి, నేను అలాంటిదాన్ని కాదు. చెబుతున్నకొద్దీ దొంగలాగే వినిపిస్తోంది. కాపీ కొట్టి దొరికిన పిల్లాడు సరిగ్గా ఇవే మాటలంటాడు. ఆ కాళ్ళు మార్చుకోవడం కూడా అలాగే. నా ఒంటి మీద "టీకా వేయించాను" అని రాసున్న టీషర్టు, బిగుతుగా.

"మీరు అబద్ధం చెప్పారని అనట్లేదమ్మా. కానీ ఈ పుస్తకాన్ని నేను నమ్మలేను" అంది డాక్టర్. ఇన్ని కుక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నడుస్తాయి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దానికి వైద్యం లేదు. రుజువు లేదు కాబట్టి ఇవాళ మళ్ళీ వేస్తాను, మొదటి డోసు కిందే లెక్క, నెల దాకా గుంపులోకి తేవద్దు. ఐస్ బాక్సులోంచి సీసా తీసి, సూది వేసి, స్టిక్కర్ గోటితో ఊడదీసి అంటించింది. సగం స్టిక్కర్ మీద, సగం కాగితం మీద పడేలా సంతకం. దాని మీద రిజిస్ట్రేషన్ నంబరున్న సీలు. రేకుల షెడ్డు వాళ్ళ పని అది. ఏసీ వాళ్ళ పని ఇది. పక్కపక్కనే, ఒకే పేజీలో.

బూందీ అసలు అరవలేదు. పై ఫ్లోర్ ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి, "అయ్యో, మీది రావట్లేదా అండీ?" అంది. ఆ అయ్యో ఇంకా చెవిలో ఉంది.

మా ఆయన బూందీని స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయారు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు. విరాళాల రసీదులు రాసే కుర్రాడు తడబడుతుంటే పుస్తకం లాక్కుని నేనే రాశాను. చివర్లో లెక్క రూపాయితో సహా సరిపోయింది. ఇది గొప్ప అనుకుంటే అనుకోండి.

నడక నేను చూసింది అంతంత మాత్రమే. అరవై చిల్లర కుక్కలు. విమానం మ్యూజియం దగ్గర అన్నీ కలిసి టీయూ-142 మీద మొరిగాయట. ఒక లావుపాటి ల్యాబ్ సగం దారిలో పడుకుని ఇక లేవనంది. ఒకాయన మంచు దేశాల కుక్క హస్కీని తెచ్చాడు. విశాఖ ఉక్కపోతలో హస్కీ! వేలు పోసి కొని, జుట్టు రాలుతోందని, బిల్లు పెరుగుతోందని వదిలేస్తే చివరికి ఆ షెడ్డులోనే చేరతాయి. కొనేముందు మన ఊరి ఎండ గురించి ఎవరూ ఆలోచించరు. ఇసకలో పడుకున్న వీధికుక్కలు మాత్రం తలెత్తి చూసి మళ్ళీ పడుకున్నాయి. రెండింటికి చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవి. రసీదు బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళలో సగం మంది, ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీం కోర్టు తీర్పులప్పుడు వీటిని ఊరవతలికి తరమాలన్నవాళ్ళే. ఇవాళ వాటికి బిస్కెట్లు వేస్తూ ఫోటోలు.

మీరు ఇలాంటి నడకకి వెళ్తుంటే పొద్దున్నే తిండి పెట్టకండి, నీళ్ళు చాలు. పాత పేపర్లు పట్టుకెళ్ళండి. ఎదకి వచ్చిన ఆడకుక్కని ఇంట్లోనే ఉంచండి. ఎండెక్కితే అరచెయ్యి తారు మీద పెట్టి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. అన్నిటికన్నా ముందు, ఇప్పుడే లేచి మీ టీకా పుస్తకం తీయండి. తయారైన నెల చదవండి. కళ్ళజోడు పెట్టుకునే చదవండి.

సోమవారం, దసరా సెలవులే కదా అని, ఆ ఏసీ క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళాను. డాక్టర్ గారు అప్పుడూ లేరు. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి, రెండు తేదీల మీదా వేలు పెట్టాను. అమ్మాయి చదివింది. ఏమీ మాట్లాడకుండా డ్రాయర్ లాగి రెండొందలు తీసి ఇచ్చింది. నేను తలుపు దాకా వెళ్ళాక పిలిచింది.

"మేడమ్, బాండీ పేరు మార్చాను. జాతి ల్యాబ్రడార్ అనే ఉంచమంటారా?"